బెత్తెడా, జానెడా?

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మేం మాత్రం పొద్దున్నే కదిలాం. రంపచోడవరం దాటాక మా బావమరిదికి నాలుగెకరాల జీడితోట ఉంది. తోట చివర వాగు గట్టున ఓ వెదురు పొద. అక్కడ బొంగు చికెన్ వండుకుని సాయంత్రానికి ఇంటికి రావాలన్నది పథకం. హైదరాబాదు నుంచి వచ్చిన మా అబ్బాయి నడుముకి ఎర్రపిడి చాకు ఒకటి వేలాడుతోంది. స్వీడన్‌లో మోరా అనే ఊరి పేరు మీద అమ్మే సరుకు. అలుగు నాలుగంగుళాలు, ఒర ప్లాస్టిక్‌ది. వచ్చే నెల ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ఎక్కడానికి వెళ్తున్నాడు, దానికోసం కొన్నాడు. వాడి మావయ్య దాన్ని లాగి, ఎండకేసి చూసి, బొటనవేలి గోటి మీద పదును పరీక్షించాడు. అక్కణ్ణుంచి పొయ్యి ఆరేదాకా ఇద్దరూ ఆగలేదు. నేను మధ్యలో పుల్లలు ఎగదోస్తూ విన్నది విన్నట్టు రాస్తున్నాను.

మావయ్య: పదును బాగానే ఉంది. దేనికిరా ఇది, మామిడికాయ చెక్కు తీసుకోడానికా?

అబ్బాయి: నవ్వకు మావయ్యా. బయట తిరిగేవాడికి ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు. అరచేయి వెడల్పు ఎంతో అలుగు పొడుగు అంత ఉంటే చాలు. అడవిలో బతకడం నేర్పిన పెద్దాయన ఒకడు కెనడాలో ఉండేవాడు, మోర్స్ కొచాన్‌స్కీ అని. ఆయన చెప్పిన కొలత అదే.

మావయ్య: అంటే బెత్తెడు.

అబ్బాయి: బెత్తెడంటే?

మావయ్య: చూశావా బావా, కెనడా కొలత వచ్చు గానీ ఇంటి కొలత రాదు. ఒరేయ్, నాలుగు వేళ్లు పక్కపక్కన పెడితే బెత్తెడు, మూడంగుళాలు. బొటనవేలు కూడా చేరిస్తే నీ చాకంత అవుతుంది. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చాపితే జానెడు, తొమ్మిది. రెండు జానలు ఒక మూర. అడవిలోకి వెళ్లే కత్తి అన్నాక జానెడైనా ఉండాలి. ఇదిగో, నాది జాన మీద రెండు వేళ్లు.

(ఆయన కత్తి గురించి ఒక్క మాట. సంతలో కమ్మరి చేత చెప్పి చేయించుకున్నది. లారీ కమాను పట్టా కొలిమిలో కాల్చి సాగగొట్టింది. వెన్ను దగ్గర చిటికెన వేలంత మందం, ముక్కు కాస్త కిందికి వంగి ఉంటుంది. చింతకర్ర పిడి, పిడి మొదట ఇనుప పొన్ను. అలుగు తోకని ఎర్రగా కాల్చి పిడిలోకి దింపారు. పదిహేనేళ్ల నుంచి చూస్తున్నాను, పిడి రెండు సార్లు మారింది, అలుగు అదే.)

అబ్బాయి: ఎంత బరువుంటుంది?

మావయ్య: అరకిలో పైనే. నీదో?

అబ్బాయి: ఒరతో కలిపి తూచాను. నూట పదహారు గ్రాములు.

మావయ్య: నూట పదహార్లా! కత్తి కొన్నావా, చదివింపులు రాయించావా? ఒరేయ్, నరికే పని బరువుది. పదును దారి చూపిస్తుందంతే. చేతికి దూరంగా, ముక్కు వైపు బరువుండి, అది గిర్రున వచ్చి పడితేనే కర్ర లోపలికి దిగుతుంది. నాలుగంగుళాల దాన్ని ఎంత విసిరినా గాలే.

అబ్బాయి: నరకడానికి నేను వెళ్లడం లేదుగా. కొయ్యడానికి వెళ్తున్నాను. కొయ్యాలంటే లెక్క తిరగబడుతుంది. పిడికి దగ్గరున్న పదునుకే చేతి బలమంతా అందుతుంది. మొన ఎంత దూరం పోతే అంత చెయ్యి జారుతుంది. నువ్వా కత్తితో పెన్సిల్ చెక్కగలవా?

మావయ్య: నేను పెన్సిల్ చెక్కి ముప్పై ఏళ్లయింది. రా, పొద దగ్గరికి పోదాం.

వెళ్లాం. పచ్చగా, చేతికి నిండుగా, మూడంగుళాల లావున్న గెడ ఒకటి చూశాడు. నేలకి మూరెడు ఎత్తున ఏటవాలుగా ఒక దెబ్బ, ఎదురువైపు నుంచి ఇంకొకటి. నాలుగో దెబ్బకి గెడ గలగలమంటూ ఒరిగింది. తర్వాత దాన్ని మొద్దు మీద అడ్డంగా పెట్టి, కణుపు అవతల రెండు వేళ్లు వదిలి, ఒక్కో దెబ్బకీ గెడని కాస్త కాస్త తిప్పుతూ చుట్టూ గాటు పెట్టాడు. తిప్పకుండా ఒకచోటే కొడితే బొంగు నిలువునా చీలుతుంది, వండుకునేది నిప్పుల్లోకి కారుతుంది. కణుపు అడుగున మూత, పైన నోరు. అయిదు నిమిషాల్లో రెండు బొంగులు.

మూడోది మావాడు పట్టుకున్నాడు. చాకుని బొంగు మీద అడ్డంగా ఆనించి, వెన్ను మీద కర్రముక్కతో కొట్టడం మొదలెట్టాడు. పుస్తకాల్లో ఉన్న పద్ధతే. కానీ అలుగు నాలుగు, బొంగు మూడు. కర్రతో కొట్టడానికి అవతలకి మిగిలింది ఒక్క అంగుళం. పైగా వెదురు నార నిలువునా ఉంటుంది, వీడు కొట్టేది దానికి అడ్డంగా. పావుగంటకి సగం దిగింది. చెమటలు పట్టాయి. అంచు ఎలక కొరికినట్టుంది.

(ఈ వెదురు మా బావమరిది సొంత నేలది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. గడ్డి జాతి మొక్కని అటవీ చట్టం చాలా కాలం చెట్టుగానే చూసింది. అడవి కాని నేలలో పెరిగిన వెదురు చెట్టు కాదని 2017లో సవరించారు.)

మావయ్య: ఏమంటాడు మీ కెనడా ఆయన?

అబ్బాయి: ఒప్పుకుంటున్నాను, వెదురుకి ఇది పనికిరాదు. అది పుట్టిన చోట వెదురు లేదు. అక్కడ పైన్, బిర్చ్. నిలువునా తట్టితే చీలే కర్ర. అయినా అక్కడ చాకుతో మొద్దులు నరకరు, దానికి పక్కన గొడ్డలి ఉంటుంది.

మావయ్య: ఆగాగు. మళ్లీ చెప్పు?

అబ్బాయి: గొడ్డలి ఉంటుందన్నాను.

మావయ్య: ఆ ముక్క ముందే చెప్పొద్దట్రా! నాలుగంగుళాలు చాలన్నవాడు చంకలో గొడ్డలి పెట్టుకుని చాలన్నాడన్నమాట. నువ్వు గొడ్డలి వదిలేసి చాకు ఒక్కటీ కొనుక్కొచ్చావు.

మావాడు కాసేపు మాట్లాడలేదు. ఆ దెబ్బ నిజంగానే తగిలింది. చిన్న కత్తి గొప్పదనం చెప్పినవాళ్ల పుస్తకాలు తిరగేస్తే అందులో కత్తి ఒంటరిగా కనిపించదు. నెస్‌మక్ అన్న కలం పేరుతో జార్జ్ వాషింగ్టన్ సియర్స్ అనే అమెరికా ఆయన 1884లో అడవి బతుకు మీద పుస్తకం రాశాడు. ఆయన వెంట ఉన్నవి మూడు: రెండువైపులా పదునున్న చిన్న గొడ్డలి, పల్చటి కత్తి, జేబులో మడత చాకు. 1906లో హొరేస్ కెఫార్ట్ కూడా అంగట్లో దొరికే మందపాటి వేట కత్తుల్ని ఎద్దేవా చేసి పల్చటి చిన్నదాన్నే మెచ్చుకున్నాడు. ఆయన సామాన్లలోనూ చిన్న గొడ్డలి ఉంది. మనం ఆ జాబితాలో మధ్య వస్తువొక్కటీ తీసుకుని మిగతావి మర్చిపోయాం.

వంట దగ్గరికొచ్చేసరికి గాలి మళ్లింది. అర డజను ఉల్లిపాయలు, అల్లం, పచ్చిమిరపకాయలు, రెండు కోళ్లు. మా ఆవిడ కత్తిపీట ఇంట్లో వదిలేసి వచ్చింది. మావయ్య ధీమాగా తన కత్తికి ఉల్లిపాయ అప్పగించాడు. పాయ రెండైంది. తెగలేదు, పగిలింది. ఓ ముక్క ఆకుల్లోకి ఎగిరింది. రెండోది ఇంకాస్త జాగ్రత్తగా పట్టుకున్నాడు. అలుగు అంగుళంలో పావు దిగగానే మందం అడ్డొచ్చి పాయ పక్కకి విచ్చుకుంది.

అబ్బాయి: మావయ్యా, అది కత్తి కాదు, మేకు. కర్రని విడగొట్టడానికి పనికొచ్చిందే ఉల్లిపాయ దగ్గర అడ్డం వస్తోంది. నా దాని వెన్ను రెండున్నర మిల్లీమీటర్లు. ఇటివ్వు.

ఇచ్చాడు. ఉల్లిపాయ పొరలు పొరలుగా పడింది. అల్లం తొక్క కాగితంలా లేచింది. కోడి దగ్గర మావాడు తొడ కీలు వేలితో తడిమి చూసి మొనని అందులో దించాడు, ఎముకని తాకకుండా తొడ చేతికొచ్చింది. మా బావమరిది అయితే మొద్దు మీద పెట్టి నరికేవాడు. తినేటప్పుడు ఎముక పెచ్చులు పళ్ల కింద తగులుతాయి. ప్రతి పండక్కీ తగులుతాయి.

అబ్బాయి: ఇప్పుడు లెక్క చూడు. పొద్దుటి నుంచి మనం వేసిన కోతలు ఎన్ని? వెదురు మీద ఓ ముప్పై దెబ్బలు. మిగతావి కూరగాయలు, కోడి, పురికొస, మసాలా పొట్లం, బొంగు నోటికి ఆకు కుదించడం. వందల్లో ఉంటాయి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

మావయ్య: ఆ ముప్పై దెబ్బలూ లేకపోతే ఆ వందలకీ పనే లేదురా. బొంగే లేదు. నువ్వు కోతలు లెక్కపెడుతున్నావు, నేను చేతకాని కోతలు లెక్కపెడుతున్నాను. ఉల్లిపాయ సరిగ్గా తెగకపోతే కూర కాస్త మొరటుగా ఉంటుంది, అంతేగా! వానలో తుమ్మకంప దారికి అడ్డం పడితే నీ చాకు పట్టుకుని ఏం చేస్తావు?

అబ్బాయి: చుట్టూ తిరిగి వెళ్తాను.

మావయ్య: ...

(ఇద్దరూ నవ్వారు. నేను మాత్రం ఆ జవాబు తేలిక మాట అనుకోను. దారిలో అడ్డం వచ్చినదాన్నల్లా నరకాలన్నది తోట ఉన్నవాడి ఆలోచన. వాడికి ఆ కంప రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది, అందుకని నరకాలి. నడిచి వెళ్లిపోయేవాడికి రేపు ఇంకో దారి.)

మా ఆవిడ ఈలోగా ఓ మాట అంది. "మడవని కత్తిని ఇంగ్లీషులో ఫిక్స్‌డ్ బ్లేడ్ అంటారా? అయితే ఫిక్స్‌డ్ అంటే కత్తిపీటే కదర్రా. కత్తి కదలదు, వంకాయే కదులుతుంది. మీ ఇద్దరివీ కదిలేవే." దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

మావయ్య: సరే, దెబ్బ తగలడం సంగతి చెప్పు. చిన్నది క్షేమమంటావా?

అబ్బాయి: క్షేమమని అనను. చిన్నదానికి ఎక్కువగా బలయ్యేది ఎడమ చేతి బొటనవేలు. తనవైపు లాక్కుంటూ కోస్తే అంతే. తొడల మధ్య పెట్టుకుని కర్ర చెక్కకూడదు, అక్కడ పెద్ద రక్తనాళం ఉంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, ముందుకి వంగి, కాళ్లకి అవతల చెక్కాలి. పెద్దదానితోనో?

మా బావమరిది ఏమీ అనకుండా పంచె పైకి లాగి ఎడమ మోకాలి కింద చూపించాడు. నాలుగు వేళ్ల పొడుగు మచ్చ. పచ్చి వెదురు నున్నగా ఉంటుంది, కత్తి దిగకుండా జారితే ఆ ఊపంతా ఎటు పోవాలి? అప్పట్నుంచి కాళ్లు ఎడంగా పెట్టి, గెడకి తను ఒకవైపు, దెబ్బ అవతలివైపు ఉండేలా నిలబడతాడు. అలిసిపోయాక కత్తి ముట్టుకోడు. ఆ మచ్చ చీకటి పడే వేళది.

బొంగులు నిప్పుల మీదికెక్కాయి. తిప్పుతూ ఉండాలి. ఆ ముప్పావు గంటలో మా ఆవిడ నా సంచిలోంచి మూడో కత్తి బయటికి తీసి ఇద్దరికీ చూపించింది. దాన్ని నేను ఎవరికీ చూపించకుండా తెచ్చాను. ఏడంగుళాలు. అయిదు మిల్లీమీటర్ల మందం, వెన్ను మీద రంపం పళ్లు, నల్ల రంగు. ఓ పట్నం దుకాణంలో, అన్నిటికీ ఇదొక్కటే చాలండీ అని అంటగట్టారు. 1982లో వచ్చిన రాంబో మొదటి సినిమా చూసిన వయసులో నాలో దూరిన కోరిక అది. నలభై దాటాక తీర్చుకున్నాను. వెదురు మీద వేస్తే జారింది, బరువు చాలలేదు. ఉల్లిపాయ మీద వేస్తే మేకే. రంపం పళ్లు కర్రలో ఇరుక్కుంటాయి తప్ప కొయ్యవు, పైగా వెన్ను మీద కర్రతో కొడదామంటే ఆ పళ్లు కర్రనే తినేస్తాయి. ఏడంగుళాల కొలతకి పేరు తెచ్చింది 1942లో అమెరికా మెరీన్లకి ఇచ్చిన కాబార్ కత్తి. అది సైనికుడిది. ఒక్కటే మోసుకెళ్లాలి, డబ్బా తెరవాలి, కందకం తవ్వాలి, అవసరమైతే పొడవాలి. నాకు ఎవర్నీ పొడిచే పని పడలేదు.

ఈ మూడోదాన్ని చూడగానే మామా అల్లుళ్లు మొదటిసారి ఒక్కటయ్యారు.

మావయ్య: ఇది చాకూ కాదు, కత్తీ కాదు బావా.

అబ్బాయి: నాన్నా, దీన్ని నేనూ మొయ్యను.

మావయ్య: పోనీ, నువ్వు చెప్పు. నీకు రెండూ ఇస్తే?

అబ్బాయి: రెండూ ఉంటే మంచిదే. నేపాలీల కుక్రీ చూశావా? ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మనమంటాం గానీ, కుక్రీ ఒరలో ఇముడుతాయి. పెద్దదాని వెనక చిన్న అరలో కర్ద అని బెత్తెడు చాకు, దాని పక్కనే పదును సరిచెయ్యడానికీ, చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు రాజెయ్యడానికీ చక్మక్. స్వీడన్ పైభాగంలో రెయిన్‌డీర్లని కాసే సామీలు కూడా అంతే, జానెడుకి దగ్గరగా ఉండే ల్యూకు ఒకటి, చిన్నది ఒకటి. నీ వాదనకి బలం నా చాకు పుట్టిన దేశంలోనే ఉంది, చూశావా.

మావయ్య: మరింకేం, నా కత్తి కూడా పట్టుకెళ్లు.

అబ్బాయి: అక్కడ దేన్ని నరకను? మంచులో నడక. మంట వెయ్యనివ్వరు. వంట గ్యాసు మీద. కోసేవల్లా తాడు, పొట్లాలు, బొబ్బకి అంటించే టేపు. వాటికి అరకిలో ఇనుము పన్నెండు వేల అడుగుల ఎత్తుకి మోయనా? పైగా నీది జాన దాటింది. ఆయుధాల నిబంధనల్లో గీత సరిగ్గా అక్కడే ఉంది. తొమ్మిదంగుళాల కన్నా పొడుగు గానీ, రెండంగుళాల కన్నా వెడల్పు గానీ ఉన్న అలుగు ఆయుధాల పట్టీలోకి వస్తుంది. ఇంటి పనికీ, వ్యవసాయానికీ చేసినవి మినహాయింపు. తోటలో ఇది వ్యవసాయం. ఢిల్లీ స్టేషన్‌లో నా భుజాన ఉంటే వ్యవసాయమని ఎవరికి చెప్పను?

మావయ్య: అది నిజమే. ఇక్కడ కూడా ఆ పాపికొండల వైపు అడవిలోకి కత్తితో వెళ్లకూడదు తెలుసా?

అబ్బాయి: చాకుతోనూ వెళ్లకూడదు మావయ్యా. 1972 వన్యప్రాణి చట్టంలో ఆయుధమంటే ఏమిటో రాశారు, అందులో తుపాకీ, ఉచ్చు, విషంతో పాటు కత్తీ ఉంది. కొలత రాయలేదు. అభయారణ్యంలోకి రాతపూర్వకంగా అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. నల్లమలలో పులుల అడవికీ అంతే.

మావయ్య: అయితే అక్కడ నీ బెత్తెడూ, నా జానెడూ ఒకటే!

బొంగులు నల్లబడ్డాయి. ఆకు మూత తీయగానే ఆవిరి. ముక్కలు విస్తట్లోకి జారాయి. మూడో బొంగు, మావాడు కొరికిన అంచుది, కాస్త చీలి అడుగున రసం పోయింది. అయినా అదే ముందు ఖాళీ అయింది, ఆకలి అలాంటిది.

తిన్నాక మా బావమరిది కత్తిని వాగు రాయి మీద నాలుగు తిప్పులు తిప్పి, తుడిచి, కొబ్బరినూనె రాశాడు. మావాడి చాకు తుప్పు పట్టని ఉక్కు, దానికి నూనె అక్కర్లేదు. అయినా అడిగి రాయించుకున్నాడు. పిడి ఒకసారి గుప్పిట్లో బిగించి చూశాడు మావయ్య. "అలుగు సంగతి ఎలా ఉన్నా, పిడి మాత్రం సరిగ్గా చేశాడ్రా. గుప్పిటకి అటూ ఇటూ కాస్త మిగిలింది. తడి చేతికి జారదు" అన్నాడు. ఆయన నోట ఆ చాకుకి దక్కిన మెప్పు అదొక్కటే.

ఎవరు గెలిచారని అడిగితే, ఆ వెదురు పొద దగ్గర మా బావమరిదే గెలిచాడు. కానీ కత్తి కొనబోయే మీలో వెదురు పొదలున్నవాళ్లు ఎంతమంది? బయటికి వెళ్లి, ఓ రాత్రి ఉండి, వండుకుని తిని వచ్చేవాళ్లకి మావాడి కొలతే సరి: బెత్తెడు మీద ఒక వేలు, పల్చటి వెన్ను, గుప్పిట నిండే పిడి. నరికే పని నిజంగా ఉన్నవాళ్లు సంతకి వెళ్లి కమ్మరితో మాట్లాడండి, జానెడుదే చేయించుకోండి.

ఫిబ్రవరిలో మావాడు విమానంలో వెళ్లాడు. చాకు చేతి సంచిలో కాకుండా లోపల వేసే పెద్ద బ్యాగులో, ఒరతో సహా చొక్కాలో చుట్టి పెట్టాడు. తిరిగొచ్చాక అడిగితే, ఎక్కువగా యాపిల్ పళ్లు కోశానన్నాడు. మావయ్య కత్తి చూరులో ఉంది. నా ఏడంగుళాలది అలాగే అట్టపెట్టెలో ఉంది. ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తాను.